కుట్టిన చోట సున్నమా, ఐసా?
చిత్తూరు దగ్గర మా మామిడి తోటలో ఆరేళ్ల మావాణ్ణి తేనెటీగ కుట్టింది. అవ్వ వక్కాకు సంచిలోంచి సున్నం తీసింది, నేను ఐసు కోసం ఉరికాను. సున్నం విషాన్ని విరిచేస్తుందని పాత లెక్క. కానీ విషం చర్మం లోపలికి పోయుంటుంది, సున్నం పైనే ఉంటుంది. పైగా లేత చర్మం పొక్కుతుంది. ఐసు విషాన్ని విరచదు గానీ వాపు, నొప్పి తగ్గిస్తుంది: గుడ్డలో చుట్టి 10 నిమిషాలు.

రెండిటికంటే ముందు కొండి తీయాలి. నల్లటి ముల్లు, దాని చివర చిన్న తిత్తి. అది ఇంకా విషం ఎక్కిస్తూనే ఉంటుంది. గోరుతో గీకేశాను. కందిరీగైతే మామూలుగా ముల్లు వదలదు.

పెదవులు ఉబ్బినా, ఆయాసం వచ్చినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా ఈ వాదనే వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

అవ్వ మాత్రం అలిగి, ఆ సున్నం తన ఆకుకే రాసుకుంది.