ఫెయిరింగ్ హ్యాండిల్‌తో తిరగాలా, ఫ్రేమ్‌కి బిగిసి ఉండాలా? టూరింగ్ బండికి ఏది మేలు?

హార్లే-డేవిడ్‌సన్ 2024 స్ట్రీట్ గ్లైడ్‌నీ రోడ్ గ్లైడ్‌నీ పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఇంజను ఒకటే, ఫ్రేమ్ ఒకటే, 12.3 అంగుళాల స్క్రీనూ ఒకటే. తేడా అంతా ముక్కు దగ్గరే, అంటే గాలిని అడ్డుకునే ఫెయిరింగ్ అనే ముందు తొడుగులోనే. స్ట్రీట్ గ్లైడ్‌ది గబ్బిలం రెక్కల్లా ఉండే ఫెయిరింగ్, బ్యాట్‌వింగ్ అంటారు. అది ఫోర్కుకి, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లకి, బిగించి ఉంటుంది కాబట్టి హ్యాండిల్ ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. రోడ్ గ్లైడ్‌ది సొరచేప మూతి. అది ఫ్రేమ్‌కి బిగించి ఉంటుంది, హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పినా కదలదు. తూకం వేస్తే రోడ్ గ్లైడే దాదాపు 12 కిలోలు ఎక్కువ. అయినా గంటకి 110 కిలోమీటర్ల వేగంలో, గాలి పక్క నుంచి కొడుతున్నప్పుడు, చేతులకి తేలిగ్గా ఉండేది ఆ బరువైన బండే.

ఇక్కడ లెక్కకొచ్చేది మొత్తం బరువు కాదు, హ్యాండిల్‌తో పాటు తిరిగే బరువు. అది స్టీరింగ్ ఇరుసుకి ఎంత దూరంలో ఉందన్నది ఇంకా ముఖ్యం. ఇరుసుకి 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న కిలోతో పోలిస్తే, 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న కిలో తిరగడానికి తొమ్మిది రెట్లు మొరాయిస్తుంది. ఒకసారి తిరగడం మొదలుపెట్టాక ఆగడానికీ అంతే మొరాయిస్తుంది. ఫోర్క్ ఫెయిరింగ్‌లో స్పీకర్లు, స్క్రీను, హెడ్‌లైటు, మీటర్లు అన్నీ ఇరుసుకి దూరంగానే ఉంటాయి. కంపెనీ ఇచ్చిన బరువుకి తగ్గట్టు కంపెనీయే ఫోర్కు కోణం, బేరింగుల బిగింపు సరిచూసి ఉంటుంది. దాని మీద మనం పెద్ద స్పీకర్లూ, యాంప్లిఫయరూ, రెండు ఫోన్ హోల్డర్లూ, ఎత్తైన విండ్‌షీల్డూ తగిలిస్తే ఆ లెక్క తప్పుతుంది. ఫ్రేమ్ ఫెయిరింగ్‌లో ఇదే సామాను పెడితే ముందు చక్రం మీద కొంచెం బరువు పెరుగుతుందంతే, స్టీరింగ్‌కి దాని సంగతే పట్టదు. పాటల పిచ్చి ఉన్నవాళ్లు ఇంకేమీ ఆలోచించకుండా ఫ్రేమ్ ఫెయిరింగ్ బండి తీసుకోవడం మంచిది.

గాలి సంగతి ఎదురుగా లారీ వచ్చినప్పుడు బాగా తెలుస్తుంది. లారీ ముందు తోసుకొచ్చే గాలి మొదట మనల్ని పక్కకి నెడుతుంది, వెంటనే దాని పక్కన ఏర్పడే తక్కువ ఒత్తిడి లోపలికి లాగుతుంది. సెకనులోపే రెండూ అయిపోతాయి. ఫోర్క్ ఫెయిరింగ్‌లో ఆ తోపూ, ఆ లాగుడూ నేరుగా హ్యాండిల్‌కి అందుతాయి. గాలి మన బదులు స్టీరింగ్ తిప్పినట్టే. ఫ్రేమ్ ఫెయిరింగ్‌లో బండి మొత్తం ఒక పక్కకి జరుగుతుంది కానీ హ్యాండిల్ నిలకడగా ఉంటుంది. రోజుకి ఐదారు వందల కిలోమీటర్లు నడిపేవాళ్లకి సాయంత్రం భుజాల్లో తెలిసే తేడా ఇది. ఫోర్క్ రకం నడిపేవాళ్లకి ఒక్క మాట: గాలి కొడుతుంటే హ్యాండిల్‌ని బిగపట్టకండి. మోచేతులు వదులుగా ఉంచితే సగం కుదుపు అక్కడే చచ్చిపోతుంది. బిగపట్టిన చేతుల ద్వారా మన ఒంటి ఊపు కూడా స్టీరింగ్‌లోకే పోతుంది.

అలాగని ఫ్రేమ్ ఫెయిరింగ్‌కి వణుకుడు రానే రాదని కాదు. వణుకుడు రెండు రకాలు. ఒకటి, హ్యాండిల్ సెకనుకి నాలుగు నుంచి పది సార్లు గబగబా ఊగడం. ఇది ఫోర్క్ ఫెయిరింగ్ బళ్లలో యాక్సిలరేటర్ వదిలి వేగం తగ్గుతున్నప్పుడు, గంటకి 70 నుంచి 50 మధ్యలో ఎక్కువగా బయటపడుతుంది. రెండోది, బండి మొత్తం పాములా నిదానంగా మెలికలు తిరగడం. ఎక్కువ వేగంలో, వెనక చక్రం ఇరుసుకి అవతల టాప్‌బాక్సులో సామాను కుక్కినప్పుడు వచ్చేది ఇది. దీనికి ఫెయిరింగ్ ఎక్కడ బిగించారన్నది పెద్దగా అడ్డు కాదు. రెండింటికీ అసలు దోషులు చాలాసార్లు వేరే ఉంటారు: అరిగి మధ్యలో పలక తేలిన టైరు, తక్కువ గాలి, వదులైన స్టీరింగ్ బేరింగులు.

ఆ బేరింగుల్ని, అంటే మెకానిక్కులు కోన్‌సెట్ అనేదాన్ని, ఫోర్క్ ఫెయిరింగ్ బండిలో ఇంకాస్త శ్రద్ధగా చూసుకోవాలి. ముందు చక్రం నేల నుంచి లేచేలా జాకీ పెట్టండి. ఫోర్కు కాళ్ల కింది చివరలు రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. టక్‌మని చప్పుడు వచ్చిందంటే వదులైనట్టు. తర్వాత హ్యాండిల్ నిటారుగా ఉంచి వేలితో కొంచెం తట్టండి. తనంతట తానే ఒక పక్కకి సాఫీగా పడిపోవాలి, రెండో పక్కకి తట్టినా అలాగే పడాలి. సరిగ్గా మధ్యలో గాడిలో పడి ఆగినట్టుంటే బేరింగ్ గిన్నెలకి గుంటలు పడ్డాయి. అప్పుడు బిగిస్తే లాభం లేదు, పైదీ కిందదీ గిన్నెలతో సహా మార్చాల్సిందే. కొందరు వణుకుడు పోవాలని నట్టు మితిమీరి బిగిస్తారు. వణుకుడు తగ్గినట్టే ఉంటుంది గానీ నెమ్మదిగా వెళ్లేటప్పుడు బండి గీత గీసినట్టు నిలవదు, తాగినవాడి నడకలా అటూ ఇటూ పోతుంది.

హెడ్‌లైటు విషయంలో ఒక అపోహ ఉంది. ఫోర్క్ ఫెయిరింగ్‌లో లైటు హ్యాండిల్‌తో తిరుగుతుంది కాబట్టి రాత్రిళ్లు మలుపుల్లో దారి బాగా కనిపిస్తుందంటారు. లెక్క వేసి చూడండి. రెండు చక్రాల మధ్య 1.6 మీటర్లు ఉన్న బండి 100 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు తిరగాలంటే ముందు చక్రం తిరిగేది ఒక డిగ్రీ కూడా కాదు. అదే మలుపులో 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తే బండి వాలేది సుమారు 27 డిగ్రీలు. అంటే వెలుగుని చెడగొట్టేది వాలు, దానికి రెండు రకాల ఫెయిరింగులూ ఒకేలా లొంగుతాయి. లైటు తిరగడం పనికొచ్చేది నడక వేగంలోనే. 5 మీటర్ల వ్యాసార్ధంతో బండి వెనక్కి తిప్పుకునేటప్పుడు చక్రం 18 డిగ్రీల దాకా తిరుగుతుంది, చీకట్లో పార్కింగ్ చేసేటప్పుడు అది సుఖమే.

నెమ్మది వేగం దగ్గర మాత్రం మొగ్గు ఫోర్క్ ఫెయిరింగ్ వైపే. కళ్ల ముందున్నదంతా హ్యాండిల్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి ఎంత తిప్పామో చూపుకే తెలుస్తుంది. ఫ్రేమ్ ఫెయిరింగ్ బండి మొదటిసారి నడిపేవాళ్లు యూటర్న్‌లో తడబడతారు. చేతులు పక్కకి వెళ్తున్నా ముందున్న ముక్కు నేరుగా చూస్తూ ఉంటుంది, బండి తిరగడం లేదేమో అనిపించి హ్యాండిల్ ఇంకా లాగుతారు, బండి ఒరిగిపోతుంది. పైగా ఆ పెద్ద ముక్కు చక్రం ముందు రెండు మూడు మీటర్ల రోడ్డుని మింగేస్తుంది. వారం పది రోజులు చూపు దూరంగా పెట్టి సాధన చేస్తే ఇది పోతుంది.

చేతులకి చలిగాలి తగలకుండా కాపాడడంలో ఫోర్క్ రకం ముందుంటుంది, ఎందుకంటే అది మనకి దగ్గరగా ఉంటుంది. పొట్టి విండ్‌షీల్డు కూడా సరిపోతుంది. దాని ఇబ్బంది కింద నుంచి వస్తుంది. షీల్డు వెనక ఒత్తిడి తగ్గి, ఫోర్కు పక్కల నుంచి గాలి పైకి ఎగదన్ని హెల్మెట్‌ని గిలక్కాయలా ఊపుతుంది. ముందు ఇంకా ఎత్తైన షీల్డు కొనేస్తారు, అది వణుకుడికి దారి. దానికన్నా ఫోర్కు పక్కన డిఫ్లెక్టర్లు, అంటే గాలిని మళ్లించే చిన్న రెక్కలు, బిగించి చూడటం చవక. హార్లే 2014లో బ్యాట్‌వింగ్‌కి మధ్యలో గాలి గండి పెట్టింది ఈ బాధ తగ్గించడానికే. ఏ రకానికైనా షీల్డు పై అంచు నడిపేవాళ్ల ముక్కు ఎత్తులో ఉంటే చాలు, వానలో దాని మీదుగా రోడ్డు చూడగలగాలి.

షెడ్డులో తేడాలు ఇంకోలా ఉంటాయి. ఫోర్క్ ఫెయిరింగ్‌కి వెళ్లే లావు వైర్ల కట్ట స్టీరింగ్ మెడ, అంటే ఫోర్కు ఫ్రేమ్‌కి కలిసే చోటు, పక్క నుంచి పోతుంది, హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ వంగుతుంది. మెడ దగ్గర ట్యాగుతో బిగించి కడితే వంపు అంతా ఒకేచోట పడి పైన తొడుగు బాగానే ఉన్నా లోపల రాగి తీగలు ఒక్కొక్కటే తెగుతాయి. కుడివైపు పూర్తిగా తిప్పినప్పుడే పాట ఆగిపోతుంటే, ఎడమవైపు తిప్పినప్పుడే ఫ్యూజు పోతుంటే రేడియో విప్పకండి, ముందు మెడ చూడండి. వంపు దగ్గర వదులుగా ఒక చుట్టు వదలాలి. ఫోర్కు ఆయిల్ సీళ్లు మార్చాలన్నా ఈ రకంలో చాలా మోడళ్లకి ఫెయిరింగ్ ఊడదీయక తప్పదు.

ఫ్రేమ్ రకంలో బలహీనత బ్రాకెట్. బండి నిలుచున్న చోటే పక్కకి పడ్డా ఆ ఇనుప చట్రం కొద్దిగా వంగుతుంది. హ్యాండిల్ మార్చేటప్పుడు బ్రేకు, క్లచ్ లీవర్లు ఫెయిరింగ్‌కి తగలకుండా వేలెడు సందైనా ఉందో లేదో రెండు చివరలా చూడాలి. బ్యాట్‌వింగ్‌లో అయితే లోపలి కోతల్లో పట్టే హ్యాండిలే పెట్టుకోవాలి.

తయారీదారుల దారి చూస్తే దూరం, వేగం ముఖ్యమనుకున్నవాళ్లు ఫ్రేమ్ వైపే వెళ్లారు. బీఎండబ్ల్యూ ఆర్100ఆర్ఎస్ 1976లో, హోండా గోల్డ్ వింగ్ ఇంటర్‌స్టేట్ 1980లో అలాగే వచ్చాయి. ఇండియన్ అనే అమెరికా కంపెనీ తన చీఫ్‌టెన్‌కి ఫోర్క్ ఫెయిరింగ్ ఇచ్చి, తర్వాత ఛాలెంజర్‌ని ఫ్రేమ్ ఫెయిరింగ్‌తో దింపింది. అదే బీఎండబ్ల్యూ 2021లో ఆర్18 ట్రాన్స్‌కాంటినెంటల్‌కి హ్యాండిల్‌తో తిరిగే ఫెయిరింగ్ పెట్టిందంటే అది పాత క్రూజర్ అందం కోసమే. అందం కోసం కొనడం తప్పేం కాదు. నెమ్మదిగా, ఎక్కువ సామాను తగిలించకుండా తిరిగేవాళ్లకి ఫోర్క్ రకం హాయిగా ఉంటుంది. హైవే మీద రోజంతా గడిపేవాళ్లకి మాత్రం ఫ్రేమ్ రకమే చెప్తాం.

సెకండ్‌హ్యాండ్ బండి చూడటానికి వెళ్తే, ఏ రకమైనా, ఇంజను ఐడ్లింగ్‌లో ఉంచి హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి నిదానంగా తిప్పండి. ఇంజను చప్పుడు పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ పొట్టిదైపోయినట్టు, స్క్రీను మినుకుమంటే వైర్లు తెగుతున్నట్టు. తర్వాత ఫెయిరింగ్‌కీ ఫోర్కుకీ మధ్య సందు రెండు వైపులా వేలు పెట్టి కొలవండి. ఫ్రేమ్ రకంలో ఆ సందు ఒకవైపు ఎక్కువా ఒకవైపు తక్కువా ఉంటే బండి ఎప్పుడో పడింది, అమ్మేవాళ్లు ఏం చెప్పినా సరే.