గాలి కొట్టాననుకున్నా, కొట్టింది నీళ్లు: హ్యాండ్ పంపుతో నాలుగున్నరేళ్లు

పాప పిస్తోలు సిలిండర్‌కి గాలి నింపే పంపు కొన్న మొదటి వారంలోనే, కింది ఇంటి తమిళ పాటి (అవ్వ) మెట్ల దగ్గర ఆపి అడిగింది: "ఎన్న సార్, తణ్ణి వరుదా?" నీళ్లొస్తున్నాయా అని. బాల్కనీలో నేను పైకీ కిందకీ లాగుతుంటే వచ్చే చప్పుడు అచ్చం వీధి పంపు చప్పుడే. 2019 వేసవిలో బిందెలు వరసలో పెట్టి నిలబడిన మా మద్రాసు అంబత్తూరు మనుషులకి ఆ చప్పుడు వింటే ఇంకేం గుర్తొస్తుంది? నీళ్లు కాదమ్మా, గాలి అని నవ్వేశాను. ఆవిడ మాటే నిజమని తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మా పాప 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు షూటర్. షాట్‌గన్ వాళ్లకి లైసెన్సు, తూటాల లెక్క, వాటికయ్యే ఖర్చు, సవాలక్ష ఉంటాయి. మాకు గాలే మందుగుండు. పిస్తోలు సిలిండర్లో 200 బార్ ఒత్తిడితో (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) గాలి నింపుకుంటే సుమారు నూట యాభై షాట్లు. ఆ గాలి ఎక్కడ నుంచి వస్తుందన్నదే అసలు గొడవ. ఈ సమీక్ష దాని గురించే. పంపు మూడు దశలది, చైనా సరుకు. కంపెనీ పేరు చెప్పను. ఎందుకంటే తప్పులో సగం నాది.

మొదట్లో మేం వెళ్లే షూటింగ్ రేంజిలోనే పెద్ద ట్యాంకు నుంచి నింపేవాళ్లు. ట్యాంకులో ఒత్తిడి తగ్గేకొద్దీ మన సిలిండరుకీ అంతే వస్తుంది. అది 120 బార్‌కి పడిపోతే మనకీ 120 దాటదు. మళ్లీ ట్యాంకు నిండి వచ్చేదాకా రెండు రోజులు, ఒక్కోసారి నాలుగు రోజులు. తాళంచెవి ఉన్నాయన ఊరికెళ్తే ఇంకో రెండు రోజులు. పోటీకి వారం ముందు పాప ఖాళీ పిస్తోలుతో ట్రిగ్గర్ నొక్కుకుంటూ కూర్చుంటే చూడలేక పంపు కొన్నాను.

కొన్నాక మొదటి ఏడాది నేను ఎంత పొగిడానో నాకే తెలుసు. పొద్దున్నే లేచి, కాఫీ తాగి, యాభై అరవై స్ట్రోకులు కొడితే వంద బార్ నుంచి రెండొందలకి వచ్చేసేది. ఎవర్నీ అడగక్కర్లేదు, ఎవరి తాళంచెవీ అక్కర్లేదు. ఒంటికి కసరత్తు కూడా అని చెప్పేవాణ్ని. నా మాట నమ్మి ముగ్గురు తల్లిదండ్రులు అదే పంపు కొన్నారు. వాళ్లలో ఒకాయన ఇప్పటికీ నాతో కొంచెం ముభావంగానే ఉంటాడు.

కసరత్తు సంగతి కాస్త సవరించుకోవాలి. 150 బార్ దాకా పిల్లలైనా కొట్టగలరు. 170 దాటాక చేతుల బలం పనికిరాదు, మోచేతులు బిగబట్టి ఒంటి బరువంతా దాని మీద వెయ్యాలి. నా బరువు 82 కిలోలు, నాకు ఫర్వాలేదు. పాప 46. చివరి ముప్పై బార్లు తనవల్ల కాదు, పంపు మీద వేలాడుతుంది అంతే. అంటే స్వతంత్రం వచ్చింది నాకే, దానికి కాదు. నేను టూర్ మీద కోయంబత్తూరు వెళ్తే దాని ప్రాక్టీసు ఆగినట్టే.

మూడో ఏడు మొదలయ్యేసరికి స్కోరు పడిపోవడం మొదలైంది. పడిపోవడమంటే ఘోరంగా కాదు. తొమ్మిదిన్నర దగ్గర ఆగిపోయే షాట్లు (నడిమధ్య తగిలితే 10.9) ఎక్కువయ్యాయి, అన్నీ గడియారంలో ఆరు గంటల వైపే, అంటే కిందకే. కోచ్ మణికట్టు చూశాడు, తర్వాత ఫాలో త్రూ (షాట్ వెళ్లాక కూడా గురి కదపకుండా ఉండటం) అన్నాడు. పెల్లెట్ల (పిస్తోలు గుండ్ల) డబ్బా మార్చాం, వాటి తల సైజు 4.49 మిల్లీమీటర్ల నుంచి 4.50కి మార్చాం. మా ఆవిడ మధ్యాహ్నం పెరుగన్నం మానిపించింది. పాప అయితే ఒకరోజు ఏడ్చేసింది: "నాన్నా, నేను చక్కగానే కొడుతున్నా, అది కింద పడుతోంది." టెన్షన్ పడి చెయ్యి వదిలేస్తున్నావమ్మా అని నేనే సర్దిచెప్పాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

చివరికి ఒక స్నేహితుడి దగ్గర పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ తెచ్చి పెట్టాం. పది షాట్లు. సెకనుకి 150 మీటర్లు, 149, 151, ఉన్నట్టుండి 138, మళ్లీ 150, తర్వాత 133. లెక్క వేసుకోండి: 150 మీటర్ల వేగంతో వెళ్లే పెల్లెట్ పది మీటర్ల దూరంలో దాదాపు 22 మిల్లీమీటర్లు కిందకి దిగుతుంది. 133తో వెళ్లేది దాదాపు 28. తేడా 6 మిల్లీమీటర్లు. చూపుడువేలు మందం కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ ఎయిర్ పిస్తోలు టార్గెట్‌లో ఒక వలయం నుంచి ఇంకో వలయానికి దూరం 8 మిల్లీమీటర్లే. 10.3 కావాల్సిన షాట్ 9.6 అవుతుంది. అర్హత రౌండులో దశాంశాలు లెక్కలోకి రావు కాబట్టి పదికి బదులు తొమ్మిది. అరవై షాట్లలో ఇలాంటివి పది పడితే పది పాయింట్లు పోయినట్టే. పాప చెయ్యి బాగానే ఉంది, పాప చెప్పిందీ నిజమే.

ఇక అనుమానం గాలి మీదికే పోయింది. ఆ ఆదివారం సిలిండర్ విప్పి, గాలి వదిలే స్క్రూ బిగించి, మూతి కిందకి పెట్టి, నా పాత తెల్ల బనియన్ మడత మీద మెల్లగా వదిలాను. బుస్సుమంటూ గాలి వచ్చింది, సిలిండర్ చేతిలో చల్లబడింది, చివర్లో చప్పుడు మారింది. ఈల వేస్తున్న కుక్కర్ని దించాక వచ్చే ఆ తడి తడి చప్పుడు. బనియన్ మీద పది రూపాయల బిళ్లంత మచ్చ. బూడిద రంగు, అంచు తెల్లగా. ముక్కు దగ్గర పెట్టుకుంటే నాణేలు పట్టుకున్న చేతి వాసన.

మరుసటి వారం పిస్తోలు విప్పిన మెకానిక్ రెగ్యులేటర్ (ప్రతి షాటుకీ ఒకే ఒత్తిడితో గాలి అందించే భాగం) లోపల చూపించాడు: తెల్లటి పొడి, దాని కింద గుంటలు పడిన లోహం. "సముద్రంలో గానీ పడిందా సార్?" అన్నాడు. సీళ్లు, స్ప్రింగు, రెగ్యులేటర్ ముక్క, కూలీ కలిపి ఏడు వేల చిల్లర. విడిభాగాలు రావడానికి ఆరు వారాలు. ఆ ఆరు వారాల్లో జిల్లా పోటీ ఒకటి అరువు పిస్తోలుతో కొట్టింది, దాని ఫలితం గురించి మా ఇంట్లో మాట్లాడుకోం.

ఇక్కడ నన్ను నేనే తిట్టుకోవాల్సిన సంగతి ఉంది. నేను పనిచేసేది అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్‌లో ఒక మెషిన్ షాపులో. రోజూ పొద్దున్న కంప్రెసర్ ట్యాంకు అడుగున కుళాయి తిప్పి నీళ్లు వదలడం నా డ్యూటీయే. ఎనిమిది బార్ కంప్రెసరుకే వానాకాలంలో రోజుకి అర బకెట్ వస్తుంది. పాతికేళ్లుగా ఆ నీళ్లు వదులుతున్నవాణ్ని, ఇంటికొచ్చి రెండొందల బార్ కొడుతూ ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

లెక్క తర్వాత కూర్చుని వేశాను. మద్రాసులో 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న రోజు ఘనపు మీటరు గాలిలో సుమారు 23 గ్రాముల నీళ్లుంటాయి. సిలిండర్ వంద మిల్లీలీటర్లు అనుకుంటే, వంద బార్ నుంచి రెండొందలకి తేవడానికి బయటి గాలి పది లీటర్లు కుక్కాలి. అందులో నీళ్లు పావు గ్రాముకి కాస్త తక్కువ, నాలుగైదు చుక్కలు. ఆ ఇరుకు చోటులో ఆవిరిగా ఉండగలిగేది మూడు మిల్లీగ్రాములే, మిగతాదంతా నీరుగా దిగాల్సిందే. వారానికి మూడుసార్లు చొప్పున రెండేళ్లకి మూడొందల సార్లు. మొత్తం డెబ్బై గ్రాములు, టీ కొట్టు గ్లాసుడు. చాలావరకు పంపు అడుగున ఉండే చిన్న స్క్రూ తిప్పినప్పుడల్లా బయటకి పోయే ఉంటుంది. కానీ నేను ఆ స్క్రూ తిప్పేది చివర్లో ఒక్కసారి, అదీ గొట్టం ఊడదీయడానికి.

పంపుతో పాటు వచ్చిన తేమ ఫిల్టర్ అంటే ఒక చిన్న దూది బిళ్ల. ఆ ఒక్క విషయంలో మాత్రం కంపెనీ మీద నాకు కోపమే. ఎక్కడో ఎండు చలి దేశంలో వాడేవాళ్లకి అది చాలేమో. మద్రాసు గాలికి దూది అడ్డం పెట్టడమంటే జల్లెడతో నీళ్లు మోయడమే.

ఇప్పుడు నేను చేసేది ఇది. పంపు గాలి పీల్చుకునే చోట పారదర్శకమైన గొట్టం ఒకటి తగిలించి సిలికా జెల్ గింజలు నింపాను. నారింజ రంగువి, తడిస్తే ఆకుపచ్చకి తిరుగుతాయి. నీలం రంగువి చవకగా దొరుకుతాయి గానీ వాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, వంటగది దరిదాపులకి తేకండి. తడిసిన గింజల్ని మూలన పడేసిన పాత ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు పెడితే మళ్లీ నారింజ అవుతాయి. మా ఆవిడ ఆ ఓవెన్‌కి "మందుగుండు పొయ్యి" అని పేరు పెట్టింది.

రెండోది, ముప్పై స్ట్రోకులకి ఒకసారి ఆగి స్క్రూ తిప్పి నీళ్లు వదలడం, అయిదు నిమిషాలు పంపు చల్లారనివ్వడం. వేడెక్కిన పంపులో ఓ-రింగులు (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగులు) త్వరగా పోతాయి. నాలుగున్నరేళ్లలో రెండుసార్లు మార్చాను, రెండూ ఆత్రంగా కొట్టిన రోజులే. వాటికి సిలికాన్ గ్రీజు తప్ప ఇంకేం రాయకూడదు. మెషిన్ ఆయిల్ అసలు వద్దు, ఆ ఒత్తిడిలో దానికి నిప్పంటుకోవచ్చు.

మూడోది నాకు నేనుగా కనిపెట్టుకున్నది. బాల్కనీ వదిలేసి ఏసీ గదిలో కొడుతున్నాను. గంటసేపు ఏసీ వేసి, 24 డిగ్రీలకి వచ్చాక. ఆ గాలిలో తేమ బయటిదాంట్లో సగమే. కరెంటు బిల్లు సంగతి అడగకండి. పడగ్గదిలో పంపు చప్పుడు గురించి కూడా అడగకండి.

ఈ మార్పుల తర్వాత రెండేళ్లుగా నెలకోసారి బనియన్ పరీక్ష చేస్తున్నా. మచ్చ పడలేదు. ఒక్క నవంబరులో, వాన ఆగకుండా కురిసిన వారం, కొంచెం చెమ్మ తగిలింది. ఆ వారం కరెంటు పోయి బాల్కనీలో కొట్టాను.

పనిలో పనిగా ఇంకొకటి. పంపు కొన్న కొత్తల్లో మా ఎస్టేట్ పక్కన వెల్డింగ్ గ్యాస్ అమ్మే కుర్రాడు సిలిండర్ చూసి "ఆక్సిజన్ కొట్టిస్తా సార్, రెండు నిమిషాల పని" అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. లోపల గ్రీజు తడి ఏ మాత్రం ఉన్నా అంత ఒత్తిడి ఆక్సిజన్‌కి నిప్పంటుకుని సిలిండర్ పేలొచ్చు. ఒంట్లో బద్ధకం పుట్టిన రోజున ఎవరైనా ఇలా ఆశపెడితే చెవిన వెయ్యకండి.

మరి కొనొచ్చా అంటే, మీరు ఎక్కడున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. మా బావమరిది బెంగళూరులో ఇదే పంపు నాలుగేళ్లుగా వాడుతున్నాడు. దూది బిళ్ల తప్ప ఇంకే ఫిల్టరూ లేదు, ఏ సమస్యా రాలేదు. నా కథ చెబితే "మీ ఊరి గాలి తాగొచ్చు బావా" అంటాడు. ఆ ఎత్తులో, ఆ చల్లదనంలో తేమ తక్కువే మరి. అతనికి ఎయిర్ రైఫిల్ సరదా మాత్రమే, నెలకి రెండుసార్లు కొడతాడు. కాబట్టి అతని మాట కూడా పూర్తిగా పట్టించుకోకండి. మద్రాసులో ఉండి, వారానికి మూడు నాలుగు సార్లు నింపాల్సినవాళ్లు డైవింగ్ నేర్పే చోట నింపించే స్కూబా ట్యాంకు వైపు చూడండి. వాళ్ల గాలి ఆరబెట్టిన గాలి. మాకు అక్కడికి రాను పోను మూడు గంటలు, పైగా ట్యాంకు మూడో అంతస్తుకి మోయాలి, అందుకని నేను ఇంకా పంపు దగ్గరే ఉన్నాను. పాపకి యాభై అయిదు కిలోలు వస్తే తనే కొట్టుకుంటుందన్న ఆశ కూడా ఉంది, తను మాత్రం దానికి ఒప్పుకోవడం లేదు.

సిలిండర్ మీద 2018 ముద్ర ఉంది, పదేళ్లే దాని ఆయుష్షు. 2028లో ఎలాగూ కొత్తది కొనాలి. అప్పుడు పంపు కూడా మారుస్తానేమో, ఇప్పుడైతే చెప్పలేను. మొన్న కింది ఇంటి పాటి మళ్లీ కనిపించింది. ఏసీ గదిలోకి మారాక చప్పుడు తనకి వినిపించడం లేదట. "తణ్ణి నిన్ను పోచ్చా?" అని అడిగింది. నీళ్లు ఆగిపోయాయా అని. అవునమ్మా, ఆగిపోయాయి అన్నాను.