జులై రగ్బీ: లయన్స్ టూరా, మూడు టెస్టుల సిరీసా, కొత్త ఛాంపియన్‌షిప్పా... ఏది మేలు?

బెజవాడలో ఉండి రగ్బీ చూసేవాళ్లకు జులైని మించిన నెల లేదు. యూరప్ ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లలాగా అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేవక్కర్లేదు. ఇంగ్లండ్, ఐర్లాండ్, వేల్స్, స్కాట్లాండ్, ఫ్రాన్స్, ఇటలీ జట్లు ఆ నెలలో దక్షిణార్ధగోళానికి టూర్ వెళ్తాయి. న్యూజిలాండ్‌లో రాత్రి 7.05కి మొదలయ్యే టెస్ట్ మనకు మధ్యాహ్నం 12.35. శనివారం భోజనం పళ్లెం ముందు పెట్టుకుని హాయిగా చూడొచ్చు. సిడ్నీ మ్యాచ్ మూడున్నర ప్రాంతంలో, దక్షిణాఫ్రికా మ్యాచ్ రాత్రి ఎనిమిదిన్నర దాటాక మొదలవుతాయి. ఒక్క అర్జెంటీనాతోనే తంటా, అక్కడి ఆట మనకు అర్ధరాత్రి దాటాకే.

ఈ టూర్లు ఒకప్పుడు జూన్‌లో ఉండేవి. 2017లో కుదిరిన ఒప్పందం ప్రకారం 2020 నుంచి జులైకి మారాలి. ఆ ఏడాది కోవిడ్ అడ్డం పడటంతో 2021లో గానీ మార్పు అమల్లోకి రాలేదు.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జట్టుకు 15 మంది, మ్యాచ్ 80 నిమిషాలు. బంతిని చేత్తో వెనక్కే అందించాలి, ముందుకు విసరకూడదు. అవతలి గీత దాటించి నేలకు ఆనిస్తే ట్రై, దానికి 5 పాయింట్లు. ఆ తర్వాత గోల్ కొడితే ఇంకో 2. పెనాల్టీకి 3, ఆట మధ్యలో బంతిని నేలకు తాకించి గోల్‌లోకి తన్నే డ్రాప్ గోల్‌కి 3. పరుగెత్తేవాణ్ణి పట్టి పడేయడం ఎలా ఉంటుందో కబడ్డీ చూసిన మన జిల్లాలవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. దేశానికీ దేశానికీ మధ్య జరిగే మ్యాచ్‌నే టెస్ట్ అంటారు.

ఇక అసలు సంగతి. ఏడాది మధ్యలో జరిగే ఈ టెస్టులు ఇప్పుడు మూడు రకాలుగా నడుస్తున్నాయి. ఒక దేశం ఇంకో దేశానికి వెళ్లి వరసగా మూడు టెస్టులు ఆడే పాత పద్ధతి మొదటిది. నాలుగేళ్లకోసారి బ్రిటన్, ఐర్లాండ్ ఆటగాళ్లంతా ఒకే జట్టుగా వెళ్లే లయన్స్ టూర్ రెండోది. 2026తో మొదలయ్యేలా ఖరారు చేసిన నేషన్స్ ఛాంపియన్‌షిప్ మూడోది. నా ఓటు పాతదానికే.

సిరీస్ డిసైడర్ ఎలా ఉంటుందో బెజవాడకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2002 నవంబర్ 24న ఇందిరాగాంధీ స్టేడియానికి వెస్టిండీస్ వచ్చినప్పుడు ఏడు వన్డేల సిరీస్ 3–3 మీద ఉంది. మనవాళ్లు ఓడిపోయారు, సిరీస్ 4–3తో వాళ్ల పరమైంది. అదే ఒక విడి మ్యాచ్ అయితే ఈపాటికి ఎవరికీ గుర్తుండేది కాదు. అంతకుముందు జరిగిన ఆరు మ్యాచ్‌ల బరువు మోసుకొచ్చింది కాబట్టే ఆ రోజు స్టేడియంలో అంత టెన్షన్.

రగ్బీలో దీనికి తిరుగులేని ఉదాహరణ 2022 జులై. మొదటి శనివారం న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, అర్జెంటీనా నాలుగూ తమ గడ్డ మీద గెలిచాయి. ఆక్లండ్ ఈడెన్ పార్క్‌లో ఐర్లాండ్ 42–19తో చిత్తయింది. ఆ మైదానంలో ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ జట్టును అలా పిలుస్తారు) 1994 తర్వాత ఓడిందే లేదు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. పెర్త్‌లో ఇంగ్లండ్ పరిస్థితి ఇంకా ఘోరం. రెడ్ కార్డ్‌తో ఒకణ్ణి పోగొట్టుకుని 14 మందితో ఆడిన ఆస్ట్రేలియా చేతిలో 30–28తో ఓడింది.

రెండో శనివారం మొత్తం తలకిందులైంది. డునెడిన్‌లో ఐర్లాండ్ 23–12తో గెలిచింది, న్యూజిలాండ్ గడ్డ మీద ఆల్ బ్లాక్స్‌పై వాళ్లకు అదే మొట్టమొదటి విజయం. బ్రిస్బేన్‌లో ఇంగ్లండ్, అర్జెంటీనాలో స్కాట్లాండ్ గెలిచాయి. బ్లూమ్‌ఫాంటైన్‌లో వేల్స్ చివరి నిమిషాల దాకా 12–6తో వెనకబడి ఉంది. జోష్ ఆడమ్స్ మూలన ట్రై వేశాడు, గారెత్ ఆన్స్‌కోమ్ పక్క గీత దగ్గర నుంచి గోల్ కొట్టాడు, 13–12. స్ప్రింగ్‌బాక్స్ అని పిలిచే దక్షిణాఫ్రికా జట్టును వాళ్ల గడ్డ మీద వేల్స్ ఓడించడం అదే మొదటిసారి. అలా నాలుగు సిరీస్‌లూ 1–1 అయ్యాయి.

మూడో శనివారం, జులై 16. మధ్యాహ్నం భోజనంవేళ వెల్లింగ్టన్‌తో మొదలుపెడితే సాయంత్రం సిడ్నీ, రాత్రి కేప్‌టౌన్, అర్ధరాత్రి దాటాక అర్జెంటీనా. నాలుగూ డిసైడర్లే. వెల్లింగ్టన్‌లో ఐర్లాండ్ సగం ఆటకే 22–3 ఆధిక్యంలో ఉంది. తర్వాత ఆల్ బ్లాక్స్ మీదపడి మూడు పాయింట్ల తేడా దాకా తెచ్చారు. ఐర్లాండ్ చెదరలేదు, 32–22తో ముగించింది. న్యూజిలాండ్ సొంతగడ్డ మీద సిరీస్ ఓడటం 1994 తర్వాత అదే. సిడ్నీలో ఇంగ్లండ్ 21–17తో గెలిచింది. కేప్‌టౌన్‌లో దక్షిణాఫ్రికా గెలిచి వేల్స్‌తో లెక్క సరిచేసింది. అర్జెంటీనాలో ఆఖరి క్షణంలో ఆ జట్టు ఆటగాడు బొఫెల్లి వేసిన ట్రై స్కాట్లాండ్ నోటి దగ్గర ముద్ద లాగేసింది, 34–31.

ఆ నెలలో ఐర్లాండ్ కోచ్ ఆండీ ఫారెల్ చేసిన పని చూడండి. మొదటి టెస్టులో తిన్న దెబ్బకు వారం తిరగకుండా జవాబు వెతికాడు. ఆ జవాబుకు విరుగుడు కనిపెట్టడానికి న్యూజిలాండ్‌కూ ఇంకో వారం దొరికింది. ఒకే ప్రత్యర్థితో మూడుసార్లు తలపడితేనే ఈ ఎత్తుపైఎత్తులు బయటపడతాయి. మొదటి టెస్టులో స్క్రమ్‌లో (రెండు జట్ల బలమైనవాళ్లు తలలు వంచి ఒకరినొకరు నెట్టుకునే పోటీ) నలిగిపోయిన కుర్రాడు రెండో టెస్టులో అదే మనిషి భుజం కింద మళ్లీ తల పెట్టాలి. నేను చూసేది వాణ్ణే.

రెండు టెస్టుల సిరీస్ మాత్రం నాకు నచ్చదు. 2024లో ఐర్లాండ్ ప్రిటోరియాలో 27–20తో ఓడి, డర్బన్‌లో ఆఖరి క్షణంలో ఫ్రాలీ కొట్టిన డ్రాప్ గోల్‌తో 25–24తో గెలిచింది. సిరీస్ 1–1. ప్రపంచంలో అప్పటికి మేటి జట్లు రెండూ సమానమయ్యాయి, మూడో టెస్ట్ లేదు, అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. సినిమా ఇంటర్వెల్‌కే హాల్లో లైట్లేసి బయటికి పంపేసినట్టుంది.

లయన్స్ విషయానికొస్తే, ఇంట్లోనే నాకు ప్రతిపక్షం ఉంది. మా బావమరిది మెల్‌బోర్న్‌లో ఉంటాడు. 2025 జులై 26న ఎంసీజీలో రెండో టెస్టుకు వెళ్లాడు. ఆ రోజు వచ్చిన జనం 90,307. ఒక దశలో ఆస్ట్రేలియా 23–5తో ముందుంది, చివరి నిమిషంలో హ్యూగో కీనన్ ట్రైతో లయన్స్ 29–26తో గెలిచింది. "బావా, టీవీలో చూసి తీర్పులు చెప్పకు. ఆ ఎర్ర జెర్సీల సముద్రంలో ఒక్కసారి నిలబడితే నీ ఐర్లాండ్ సిరీస్ కథలు మళ్లీ ఎత్తవు" అన్నాడు. కాదనలేకపోయాను.

లయన్స్‌కున్న చరిత్ర మిగతా రెంటికీ లేదు. మొదటి టూర్ 1888లో. ఇప్పుడు ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ వంతులవారీగా ఆతిథ్యమిస్తాయి కాబట్టి ఒక్కో దేశానికి మళ్లీ వంతు రావడానికి పన్నెండేళ్లు, మన కృష్ణా పుష్కరాలకు పట్టినంత కాలం. పదేళ్లప్పుడు చూసిన పిల్లాడు మళ్లీ తన ఊళ్లో చూసేసరికి ఉద్యోగంలో ఉంటాడు. న్యూజిలాండ్‌లో లయన్స్ సిరీస్ గెలిచింది 1971లో ఒక్కసారే. 2017లో తలా ఒకటి గెలిచాక మూడో టెస్ట్ ఈడెన్ పార్క్‌లో 15–15 డ్రా. చివర్లో రెఫరీ ముందు పెనాల్టీ ఇచ్చి, తర్వాత స్క్రమ్‌గా మార్చాడు. ఆ నిర్ణయం మీద అక్కడివాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. ఇదీ మూడు టెస్టుల సిరీసే కదా అంటారేమో. నిజమే, లయన్స్‌లో నాకు నచ్చేదీ అదే.

నచ్చనిది కూడా చెప్పాలి. లయన్స్ టూర్ కోసమే కూర్చిన జట్టు. నలుగురు వంటవాళ్లను ఏరి తెచ్చినా వంటగది అలవాటయ్యేసరికి భోజనాల వేళ దాటిపోతుంది. మొదటి టెస్టుకు కొందరికి పక్కవాడి అలవాట్లు కూడా సరిగా తెలియవు. పైగా 2025లో మొదటి రెండు టెస్టులతోనే సిరీస్ తేలిపోయింది. సిడ్నీలో మూడో టెస్టు మెరుపుల వల్ల మధ్యలో ఆగి, చివరికి ఆస్ట్రేలియా 22–12తో గెలిచింది. పరువు దక్కింది, అంతే. లయన్స్ వెళ్లిన ఏడాది ఇంగ్లండ్, ఐర్లాండ్, వేల్స్, స్కాట్లాండ్‌ల సొంత టూర్లు పల్చబడతాయి కూడా. ఆ జులైలోనే అర్జెంటీనాలో 2–0తో గెలిచిన ఇంగ్లండ్ జట్టులో ముఖ్యమైన చాలామంది లేరు.

కొత్త ఛాంపియన్‌షిప్‌లో పన్నెండు జట్లు. ఉత్తరం వైపు మొదట్లో చెప్పిన ఆరు, దక్షిణం వైపు న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, అర్జెంటీనాతోపాటు జపాన్, ఫిజీ. ఉత్తరంలోని ప్రతి జట్టూ దక్షిణంలోని ఆరింటితో ఒక్కోసారి ఆడాలి, జులైలో మూడు, నవంబర్‌లో మూడు. నవంబర్ చివర్లో లండన్‌లో ఫైనల్స్. రెండేళ్లకోసారి జరుగుతుంది.

దీన్ని పుట్టించినవాళ్ల బాధ అర్థం చేసుకోదగిందే. పాత టూర్లలో ఫలితానికి పాయింట్ల పట్టిక లేదు కాబట్టి కొన్ని దేశాలు రెండో జట్టును పంపేవి. 2025లో ఫ్రాన్స్ చేసింది అదే. తమ దేశవాళీ లీగ్ టాప్ 14 ఫైనల్ జూన్ ఆఖర్లో ఉండటంతో అగ్రశ్రేణి ఆటగాళ్లు చాలామందిని ఇంట్లోనే ఉంచి న్యూజిలాండ్ వెళ్లి 3–0తో ఓడింది. డబ్బు పెట్టి టికెట్ కొన్న న్యూజిలాండ్ ప్రేక్షకుడికి మండదా? పట్టిక, ఫైనల్ ఉంటే అలా పంపడం కష్టమవుతుంది. ఇందులో కొత్త పద్ధతికి మార్కులు వెయ్యాలి.

అయితే రెండో జట్టు టూర్లన్నీ దండగ అని కొట్టిపారేయడం తొందరపాటు. అదే ఫ్రాన్స్ డునెడిన్‌లో ఆల్ బ్లాక్స్‌ను 31–27 దాకా లాక్కొచ్చింది. 1998లో ఇంగ్లండ్ కూడా ఇలాగే పెద్ద ఆటగాళ్లు లేకుండా వెళ్లి బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియా చేతిలో 76–0తో నలిగింది. నరకయాత్ర అని దానికి పేరు పడింది. ఆ రోజు ఆడిన పంతొమ్మిదేళ్ల జానీ విల్కిన్సన్ 2003లో సిడ్నీలో, అదే ఆస్ట్రేలియాపై, ఎక్స్‌ట్రా టైమ్ చివర్లో డ్రాప్ గోల్ కొట్టి ఇంగ్లండ్‌కు ప్రపంచకప్ తెచ్చాడు. పట్టికలో పాయింట్లు పోతాయన్న భయం ఉంటే కుర్రాళ్లను అలా ఎవరు దింపుతారు?

ప్రయాణాల సంగతి మరీ విడ్డూరం. 2026 జులైకి ప్రకటించిన షెడ్యూల్‌లో ఇంగ్లండ్ మొదటి వారం జొహనెస్‌బర్గ్‌లో దక్షిణాఫ్రికాతో ఆడాలి, రెండో వారం లివర్‌పూల్‌లో ఫిజీతో, మూడో వారం అర్జెంటీనాలో. ఫిజీ ‘సొంతగడ్డ’ మ్యాచ్‌లు బ్రిటన్‌లో పెట్టారు మరి. ఫిజీని పెద్దల సరసన కూర్చోబెట్టడం నూటికి నూరుపాళ్లు మంచిదే. 2025లో తమ రాజధాని సువాలో స్కాట్లాండ్‌ను 29–14తో ఓడించిన జట్టది. ఆ సువా జనానికే ఈ మ్యాచ్‌లు దక్కకపోతే ఏం లాభం? పైగా జొహనెస్‌బర్గ్ సముద్రమట్టానికి సుమారు 1,750 మీటర్ల ఎత్తు. ఆ పల్చటి గాలికి ఊపిరితిత్తులు అలవాటు పడేలోపే విమానం ఎక్కాలి. సిరీస్ అయితే అక్కడే ఉండి నేర్చుకునేవాళ్లు.

జపాన్, ఫిజీలకు పెద్ద జట్లతో క్రమం తప్పకుండా ఆడే అవకాశం వచ్చిందన్న ఒక్క కారణంతో కొత్త పద్ధతిని మెచ్చుకునేవాళ్లతో నేను వాదించను. రగ్బీ బాగా ఆడే జార్జియా దేశాన్ని బయటే ఉంచారు కదా అని మాత్రం అడుగుతాను.

విచిత్రమేమిటంటే, పాత సిరీస్ విలువ దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ బోర్డులకు బాగా తెలుసు. 2026 ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఆల్ బ్లాక్స్ దక్షిణాఫ్రికాలో పాతకాలం తరహా పెద్ద టూర్ చేసేలా ఒప్పందం చేసుకున్నాయి. మధ్యలో అక్కడి ప్రాంతీయ జట్లతో మ్యాచ్‌లు, మూడు టెస్టులు దక్షిణాఫ్రికాలో, నాలుగోది అమెరికాలోని బాల్టిమోర్‌లో. పట్టిక లేదు, ఫైనల్ లేదు. అయినా రగ్బీ లోకంలో జనం ఎదురుచూసేది దాని కోసమే. జులైలో వద్దనుకున్న పద్ధతిని ఆగస్టులో వాళ్లే నెత్తిన పెట్టుకున్నారన్నమాట.

కాబట్టి బ్రాడీపేటలోనో సత్యనారాయణపురంలోనో ఉండి కొత్తగా రగ్బీ మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఎవరైనా అడిగితే నేను చెప్పే వరస ఇది. ముందు 2022 ఐర్లాండ్–న్యూజిలాండ్ మూడు టెస్టుల హైలైట్స్ యూట్యూబ్‌లో వెతికి వరసగా చూడండి, మూడోది ముందు చూడొద్దు. అది ఎక్కితే ఎంసీజీ టెస్ట్ చూడండి, మా బావమరిది సంతోషిస్తాడు. ఛాంపియన్‌షిప్‌లో మ్యాచ్‌లన్నీ వెంటాడక్కర్లేదు, జులైలో మధ్యాహ్నం వచ్చే న్యూజిలాండ్ మ్యాచ్‌లు చాలు. 2029లో లయన్స్ మళ్లీ న్యూజిలాండ్ వెళ్తారు. అప్పుడు టెస్ట్ ఉన్న శనివారాలు ఇంట్లో భోజనం పన్నెండింటికే పెట్టేయమని ముందే చెప్పి ఉంచుకోండి.