ఆటో టాపులు కుట్టే చాచా దగ్గర సైకిల్ బ్యాగులు కుట్టించిన, భీమిలి రోడ్డు మీద వానల చూసిన

సైకిల్ మీద దూరం పోయేటోళ్ళు బ్యాగుల కోసం ఆన్‌లైన్‌ల వెతికి వెతికి రేట్లు చూసి ఆగిపోతరు కదా, బయటి దేశపువి అయితే జత పది వేలు దాటుతది, అందుకే ఈ రివ్యూ. వరంగల్ స్టేషన్ రోడ్డు దిక్కు ఆటో టాపులు, లారీ పట్టాలు, బండి సీట్ కవర్లు కుట్టే షాపులు ఉంటయి, అందుల ఒక చాచా దగ్గర వెనక క్యారియర్‌కు రెండు పక్కల వేలాడేసే బ్యాగులు ఒక జత, మీద కప్పుకునే వాన కోటు ఒకటి కుట్టించిన. బ్యాగులకు 1,400, కోటుకు 450 తీస్కున్నడు. బ్యాగులు కళ్ళు మూస్కొని కుట్టించుకోండి, కోటు జోలికి మాత్రం పోకుండ్రి.

షాపుల సైకిల్ బ్యాగు అనంగనే చాచా నవ్విండు, స్కూలు బ్యాగా అన్నడు. నీళ్ళు లోపలికి పోవద్దు చాచా అంటే "బేటా, కుట్టు ఉన్న కాడ సూది తొర్ర ఉంటది, తొర్ర ఉన్న కాడ నీళ్ళు పోతయి, నేనేం చెయ్యాలె" అన్నడు. గంత సీదా మాట చెప్పినంక ఇంకో షాపుకు పోబుద్ధి కాలే. ఆన్‌లైన్ బ్యాగులల్ల మంచియి అసలు కుట్టరు, వేడితోని అతికిస్తరు, ఆ మిషను చాచా దగ్గర లేదు. చాచా ఏం చేసిండంటే అడుగున కుట్టే లేకుండ ఒకటే ముక్కను ముందు నుంచి వెనక్కి మడిచిండు, కుట్లు పక్కలకే పెట్టిండు, అంచులు లోపలికి మడిచి రెండు వరసలు కొట్టి, లోపల దిక్కు సొల్యూషన్ పూసి మీద సన్న పట్టీ అతికిచ్చిండు. మూతికి జిప్పు వద్దన్న, మూడు మడతలు చుట్టి క్లిప్పు పెట్టేటట్టు చేసిండు. బట్ట లారీ మీద కప్పేదే, నీలం రంగుది.

మొదటి ఫిట్టింగుల తొక్కుతుంటే మడిమె బ్యాగుకు తాకుతుండె. సైకిల్‌ను షాపు ముందట స్టాండ్ వేయించి, నన్ను ఎక్కి తొక్కుమని, తాకిన కాడ సుద్దతోని గీత గీసి ఆ మూల ఏటవాలుగ కోసి మళ్ళ కుట్టిండు. దీనికి పైసలు అడగలే. పోయేటప్పుడు వెనక దిక్కు లారీలకు అతికిచ్చే ఎర్ర రేడియం పట్టీ తనే అతికిచ్చిండు, వానల అది ఎంత పనికొచ్చిందో.

టెస్టు ఇక్కడ చెయ్యొచ్చు, వాన మనకేం కొత్త కాదు. 2013ల వాజేడుల ఒక్క రోజుల 517.5 మిల్లీమీటర్లు పడితే అబ్బో అనుకున్నం, 2023 జూలైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల 649.8 పడ్డది. కాని మన వాన పైకెళ్ళి పడ్తది, సముద్రం ఒడ్డున గాలికి పక్కకెళ్ళి కొడ్తది, కుట్లు పక్కలకే ఉన్నయి కాబట్టి నాకు అదే చూడాలె. సైకిల్‌ను పార్సిల్ ఆఫీసుల బుక్ చేసి గోదావరి ఎక్స్‌ప్రెస్‌ల వైజాగ్ పోయిన. పార్సిల్ ఆఫీసు ముచ్చట వేరే రాస్త, అదొక పెద్ద కథ.

ఆర్కే బీచ్ కాడ్నుంచి భీమిలి దాదాపు 30 కిలోమీటర్లు. మ్యాప్‌ల చూస్తే సముద్రం పక్కన చదునుగ పోతది అనుకుంటం కాని కైలాసగిరి కింద తెన్నేటి పార్కు దాటినంక ఎక్కుడు దిగుడే, రుషికొండ కాడ మళ్ళ ఎక్కుడు, అవతల మంగమారిపేట కాడ తొట్లకొండ మీదికి పోతానంటే 128 మీటర్ల ఎత్తు. నేను పోయిన, ఒక్కన్నే, వానల, పైన ఒకరిద్దరు తప్ప మనిషి లేడు, బౌద్ధుల కాలంల రాయిల తొలిచిన తొట్లల్ల వాన చినుకులు పడ్తుంటే సూడబుద్దయింది గని కోటు లోపల నా పరిస్థితి ఆగం ఆగం.

కోటు సంగతి ఇదే. ఆ బట్టల నుంచి గాలి రాదు పోదు, ఎక్కుడు తొక్కుతుంటే చెమట లోపల్నే నీళ్ళయితది, వాన బయట ఎంత ఉందో లోపల గంతే. పైంగ మలుపు తిరిగినప్పుడల్ల గాలి కోటు కిందికి దూరి గుడారం లెక్క ఉబ్బిచ్చి హ్యాండిల్‌ను పక్కకు గుంజుడు, పక్కన బస్సు పోతుంటే భయమైంది. తొట్లకొండ మీద్నే ఇప్పేసి మడిచి క్యారియర్ మీద కట్టిన, ఇగ మళ్ళ వేస్కోలే. అక్కడి వాన సల్లగ ఉండదు, టీషర్టు తడిస్తే ఏం కాదు, దిగుడుల జర వణుకు పుడ్తది గంతే. తడిసి తొక్కినా దిగినంక వేస్కునే బట్టలు పొడిగ ఉంటే చాలు. కోటు ఇప్పుడు మా నాయన స్కూటర్ మీద కప్పుతుండు, దానికి మస్తుంది.

పోయే ముందు రెండు బ్యాగుల అడుగున పాత పేపర్ ఒక్కో షీటు పరిచిన. వానకాలంల గాలి నైరుతికెళ్ళి వస్తది, భీమిలి ఈశాన్యంల ఉంటది, అంటే పోయేటప్పుడు వాన వీపు మీద, వచ్చేటప్పుడు మొఖం మీద. ఎర్రమట్టి దిబ్బల దిక్కు రోడ్డు మీద ఎర్ర నీళ్ళు పారుతున్నయి, బ్యాగులు నీలం రంగు పోయి ఎర్రగైనయి. భీమిలిల టిఫిన్ బండి కాడ ఆగితే ఆమె "తడిసిపోనారేటి బాబూ, ఎక్కడ్నుంచొత్తన్నారు" అని ముందు టీ పోసింది. వరంగల్ అంటే సైకిల్ మీద్నే వచ్చిన అనుకున్నది, నేను కాదనలే. అక్కడ మూతులు ఇప్పి చూస్తే రెండు పేపర్లు గలగల అంటున్నయి.

వాపసు వచ్చేటప్పుడే కథ. ఎదురుగాలి, మొఖం మీద సూదుల్లెక్క వాన, బ్రేకు పడితే చక్రం రెండు చుట్లు తిరిగి అంచు మీది నీళ్ళు పోయినంకనే పట్టుకునుడు. రుషికొండ దిగుడుల స్పీడ్ బ్రేకర్ మీద కుడి బ్యాగు కొక్కెం ఊడి బ్యాగు ఒక్క దిక్కు వేలాడింది. కొక్కేలు చాచా లారీ తాళ్ళకు వాడే ఇనుపయే పెట్టిండు, అయి క్యారియర్ రాడ్డుకు లూజు, గుంత వచ్చినప్పుడల్ల లొడలొడ మోత. రబ్బరు తాడుతోని బిగించి నడిపిచ్చిన. రూముకు వచ్చి చూస్తే ఎడమ బ్యాగు పేపర్ పొడిగనే ఉంది, కుడి దాంట్ల ముందు మూల, ఆ మడిమె కోసం కోసి మళ్ళ కుట్టిన కాడ, రూపాయి బిళ్ళంత తడి. లోపల బట్టలకు ఏం కాలే, కాని బట్టలన్నిటికి కొత్త రెక్సిన్ వాసన పట్టింది, రెండు సార్లు ఉతికినా పోలే, ఫోన్, డబ్బులు ఎట్లయినా ప్లాస్టిక్ కవర్ల వేస్కోవాలె.

ఆన్‌లైన్ వాటికంటె బరువు ఎక్కువే, చూడ్డానికి సైకిల్ మీద లారీ ముక్క కట్టినట్టే ఉంటది. ఆ ధరకు నాకు ఓకే. ఉప్పు గాలికి ఇనుప కొక్కేలు తెల్లారేసరికే తుప్పు పట్టినయి, వాపసు వచ్చినంక చాచాకు చూపిస్తే తుప్పు తన తప్పు కాదన్నడు గని ఆ మూల మీద ఇంకో పట్టీ ఊకెనే అతికిచ్చిండు.

కుట్టించేటోళ్ళు క్యారియర్ ఒక్కటే కాదు సైకిల్‌నే తీస్కపోండి, మీ చెప్పులు, బూట్లు ఏవి వేస్కొని తొక్కుతరో అయ్యే వేస్కపోండి. స్టీల్ కొక్కేలు హార్డ్‌వేర్ షాపుల మీరే కొని ఇయ్యుండ్రి. ఎండాకాలం ఆఖరున పోకుండ్రి, వడ్ల మీద కప్పే పట్టాలు, వానల ముందు ఆటో టాపులు అన్నీ అప్పుడే మీద పడ్తయి, మీ బ్యాగు మూలకు పడేస్తడు.