మొదటిసారి ఆడే నెపోలియన్ క్యాంపెయిన్‌కి ఏది మేలు: 1815 లేక 1814?

"విడి యుద్ధాలు చాలా ఆడాం, ఇక క్యాంపెయిన్ మొదలెడదామనుకుంటున్నాం. ఏ సంవత్సరం తీసుకోవాలి?" సైనికుల బొమ్మలతో బల్ల మీద నెపోలియన్ కాలపు యుద్ధాలు ఆడేవాళ్లు ఈ మధ్య చాలామంది నన్ను ఈ ప్రశ్న అడిగారు. క్యాంపెయిన్ అంటే ఒక యుద్ధంలో పోయిన సైనికులు తర్వాతి యుద్ధానికి లేకుండా వరుసగా ఆడే యుద్ధాలు. పోయినేడాది మేం 1815 ఆడాం, ఈ చలికాలం 1814 ఫిబ్రవరి ఆడాం. రెండూ ఆడాక నా మొగ్గు 1814 వైపే.

1815లో అన్నీ అమర్చినట్టుంటాయి. జూన్ 15న సాంబ్ర్ నది దాటడం, 16న లిన్యీ, కాత్ర్ బ్రా యుద్ధాలు, 18న వాటర్లూ. నాలుగు రోజులు, చిన్న మ్యాప్. చిక్కల్లా కథ అందరికీ తెలియడమే. 16న ఫ్రెంచ్ జనరల్ డెర్లాన్ సుమారు 20,000 మందితో రెండు యుద్ధాల మధ్యా తిరిగి దేనికీ అందలేదు. ఇప్పుడు ఏ ఆటగాడూ అలా తిరగడు. నెపోలియన్‌లా మార్షల్ గ్రూషీకి 33,000 మందిని ఇచ్చి దూరంగా పంపేవాడూ ఉండడు. పైగా ఒక బొమ్మకి 50 మంది లెక్కన వేసుకున్నా వాటర్లూలో ఫ్రెంచ్ వైపే 1,400కి పైగా బొమ్మలు నిలబెట్టాలి. 1814లో షాంపోబేర్ దగ్గర రష్యన్ జనరల్ ఓల్సుఫియెవ్ దళం సుమారు 5,000 మందే, అంటే వంద బొమ్మలు. ఆదివారం మధ్యాహ్నం మొదలెడితే రాత్రి భోజనాల వేళకి తేలిపోతుంది.

కానీ నేను 1814 అనడానికి అసలు కారణం బొమ్మల లెక్క కాదు. ఈ యుద్ధం అయ్యాక రేపేంటి అన్నదే. విడి యుద్ధంలో ఆఖరి రెండు టర్నుల్లో ఓల్డ్ గార్డ్‌ని, అంటే నెపోలియన్ మేటి దళాన్ని, తోసేస్తాం. పోతే పోయింది, బొమ్మలు డబ్బాలోకే కదా! 1815 క్యాంపెయిన్‌లోనూ 18వ తేదీ వచ్చేసరికి అదే జరుగుతుంది, దాచుకోవడానికి 19 అంటూ ఉండదు. 1814లో అలా కుదరదు. ఫిబ్రవరి 10న షాంపోబేర్, 11న మోంమిరాయ్, 12న షాతో-తియెరి, 14న వోషాం. నెపోలియన్‌కి ఉన్నది దాదాపు 30,000 మంది, వాళ్లతోనే అన్నీ ఆడాలి.

మా మోంమిరాయ్‌లో మార్షే ఊరు మూడుసార్లు చేతులు మారింది. ఆ ఒక్క ఊరి కోసం నోట్‌బుక్‌లో నా ఫ్రెంచ్ వైపు 1,200 మందిని లెక్కలోంచి కొట్టేశాను. ఇంకా రెండు టర్నులున్నాయి, ఎదురుగా రష్యన్ జనరల్ సాకెన్ వరుస పలచబడింది, నా వెనక గార్డ్ చెక్కుచెదరకుండా ఉంది. చెయ్యి బొమ్మల మీదికి వెళ్లింది, వెనక్కి తీసుకున్నాను. సాకెన్ ఉత్తరానికి జారుకున్నాడు. మూడు వారాల తర్వాత మేం ఆడిన వోషాంలో ఆ గార్డే నన్ను నిలబెట్టింది. అంత సేపు ఆలోచించి పాచిక వెయ్యకుండా ఆగడం నాకు విడి యుద్ధాల్లో ఎప్పుడూ జరగలేదు.

1809 ఆస్ట్రియా మంచిదే, కాని డాన్యూబ్ వంతెనల రూల్సు కొత్తవాళ్లకి బరువు. 1812 రష్యా మొదటిసారికి వద్దు.

1814కి అంపైర్ తప్పనిసరి. బురద రోడ్ల మీద ఫిరంగులు ఎంత ఆలస్యంగా వస్తాయో ఆయనే గుట్టుగా పాచిక వేసి తేల్చాలి. వోషాంలో నిజంగానే ఫ్రెంచ్ గుర్రపు ఫిరంగులు బురదలో చిక్కి సమయానికి అందలేదు, ఎదుటి పక్షం ప్రష్యన్ సేనాని బ్లూషర్ సేనలో చాలామంది బయటపడ్డారు. మ్యాప్‌ని ఫిబ్రవరి 9 రాత్రితో మొదలెట్టండి: నెపోలియన్ సెజాన్‌లో, ఓల్సుఫియెవ్ షాంపోబేర్‌లో ఒంటరిగా, సాకెన్ పడమటి దారిలో, ప్రష్యన్ జనరల్ యార్క్ షాతో-తియెరి వైపు. బ్లూషర్ ఆడేవాళ్లకి మాత్రం సెజాన్‌లో ఎవరున్నారో చెప్పకండి.