గేటు దీపానికి మోషన్ సెన్సర్: మూడేళ్ల వాడకం తర్వాత

నరసరావుపేటలోని మా ఇంటి గేటు దీపానికి, కదలికను పసిగట్టి దాన్ని వెలిగించే మోషన్ సెన్సర్ బిగించి ఈ వేసవికి మూడేళ్లు నిండాయి. మొదటి ఏడాది అడిగినవారికీ అడగనివారికీ దాని గురించి గొప్పగా చెప్పాను. ఇప్పుడూ దాన్ని తీసేసే ఆలోచన లేదు గానీ, మండు వేసవిలో అది ఎదురుగా వస్తున్న మనిషినే పోల్చుకోలేదన్న సంగతి డబ్బా మీద ఎక్కడా రాయలేదన్న కోపం మాత్రం నాకింకా చల్లారలేదు.

రెండో ఏడాది మే నెలలో ఒకనాడు 44 డిగ్రీల ఎండ కాసింది. మాది పడమటి వాకిలి; గేటు నుంచి మెట్ల దాకా నాపరాళ్లు పరిచి ఉంటాయి, రాత్రి 8 గంటలకు కూడా వాటి మీద వట్టికాళ్లతో నిలబడలేం. ఆ వేళప్పుడు గుడి నుంచి వచ్చిన మా అమ్మ, దీపం ఎలాగూ వెలుగుతుందన్న నమ్మకంతో గేటు తీసి నేరుగా నడిచింది. దీపం వెలగలేదు. మెట్టు అంచు కనబడక మోకాలి మీద పడి, నెల రోజులు కుంటుతూ తిరిగింది. సెన్సర్ చెడిపోయిందనుకుని మర్నాడే కొత్తది పెట్టిస్తే అదీ అలాగే మొరాయించింది. తెల్లవారుజామున మాత్రం పిల్లి నడిచినా వెలిగేది.

మేం పెట్టించింది పీఐఆర్ రకం. ఒంటి వేడికీ చుట్టూ ఉన్న నేల, గోడల వేడికీ ఉన్న తేడా తన ముందు కదిలితేనే అది గుర్తిస్తుంది. నేల కూడా ఒంటితో సమానంగా కాగి ఉంటే దానికి ఆ తేడా దొరకదు. పైగా అడ్డంగా నడిచేవారిని పసిగట్టినంత సులువుగా ఎదురుగా వచ్చేవారిని పసిగట్టలేదు, మాకు బిగించినది సరిగ్గా గేటుకు ఎదురుగానే. దాన్ని పక్కగోడకు మార్పించాక చాలావరకు దారికి వచ్చింది, పూర్తిగా కాదు. అందుకే మెట్టు పక్కన మోకాలి ఎత్తులో, వెలుగు నేల మీదికే పడేలా పైన రేకు మూత ఉన్న 3 వాట్ల పసుపు దీపాన్ని టైమర్‌తో పెట్టించాను. చీకటి పడ్డాక వెలిగి 10 గంటలకు ఆరిపోతుంది.

పాత 12 వాట్ల తెల్ల బల్బు రాత్రికి 11 గంటల చొప్పున ఏడాదికి సుమారు 48 యూనిట్లు కాల్చేది. బిల్లులో అది పెద్ద మొత్తమేమీ కాదు కాబట్టి ఆ లెక్క చూపి ఎవరినీ ఒప్పించబోను. నాకు దక్కిన సంతోషమంతా డాబా మీదే. తొలకరి పడగానే గేటు దగ్గర గుట్టలుగా రాలే ఉసిళ్ల రెక్కలు ఇప్పుడు గుప్పెడు కూడా ఉండవు. మంచం వాల్చుకుని దక్షిణానికి తిరిగితే వృశ్చికం కొండి దాకా కనిపిస్తుంది. వీధి దీపాలు ఎప్పటిలాగే ఉన్నాయి గనుక ఆకాశం నల్లబడిందని అనను. మా దీపం మా కళ్లలోనే కొట్టడం ఆగింది, అంతే.

తూర్పు వాకిలి, మట్టి నేల, వేపచెట్టు నీడ ఉన్న మా అన్నయ్య ఇంట్లో ఇదే సెన్సర్ ఏ వేసవిలోనూ ఇబ్బంది పెట్టలేదు. మాలాంటి వాకిలి ఉండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే మాత్రం దాన్నొక్కదాన్నే నమ్ముకోమని చెప్పలేను. మా అమ్మ ఇప్పటికీ టార్చి వేసుకునే గేటు తీస్తుంది.