6 కిలోవాట్ల పెల్లెట్ హీటర్: వెలిగే తీరు కాదు, ఆరే తీరు చూసి కొనండి

ఒడిశా కోరాపుట్ జిల్లాలోని సిమిలిగుడ, పొట్టంగి వైపు డిసెంబరు, జనవరి రాత్రులు 10 డిగ్రీల లోపుకు దిగిపోతాయి. ఆ చలికి బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు బిగించుకోవడం కంటే, పెల్లెట్లు (చెక్కపొట్టును గట్టిగా నొక్కి చేసిన చిన్న గుళికలు) కాల్చి, పొగను గోడ బయటికి పంపే పెల్లెట్ హీటర్ వెయ్యి రెట్లు నయం. ఇక్కడ చెబుతున్నది 15 కిలోల హాపర్ (పెల్లెట్లు పోసే తొట్టి), 80 మిల్లీమీటర్ల పొగ గొట్టం ఉండే యూరప్ రకం 6 కిలోవాట్ల హీటర్ (పెల్లెట్ స్టవ్ అన్నా ఇదే) గురించి. వంటకు వాడే చిన్న ఫ్యాన్ పొయ్యి వేరు. దానికి పొగ గొట్టం ఉండదు కాబట్టి మూసిన గదిలో అస్సలు పెట్టకూడదు.

పని తీరు సులువే. బటన్ నొక్కగానే పొగ లాగే ఫ్యాన్ తిరుగుతుంది. నిప్పు అంటించే ఇగ్నైటర్ రాడ్ ఎర్రబడుతుంది. హాపర్ అడుగున గొట్టంలో తిరిగే మెలికల కడ్డీ, అంటే స్క్రూ, గుప్పెడు పెల్లెట్లను బర్న్ పాట్‌లో (మంట మండే చిన్న గిన్నెలో) వేస్తుంది. అయిదు నుంచి పది నిమిషాల్లో మంట అందుకుంటుంది. పొగ వేడెక్కిందని సెన్సర్ చెప్పాక ఇగ్నైటర్ ఆగిపోతుంది, గదిలోకి వేడి గాలి తోసే రెండో ఫ్యాన్ మొదలవుతుంది. అక్కడి నుంచి స్క్రూ ఆగి ఆగి తిరుగుతూ పెల్లెట్లు వదులుతుంది. మంట ఎక్కువా తక్కువా అన్నది ఆ విరామం మీదే ఆధారపడుతుంది. తక్కువ మంట మీద గంటకు 600 గ్రాములు, పూర్తి మంట మీద ఒకటిన్నర కిలో దాకా కాలుతుంది. అంటే 15 కిలోల బస్తా పొదుపుగా వాడితే 25 గంటలు, లేకపోతే 10 గంటలు. 12 అడుగుల గదికి పూర్తి మంట అవసరమే రాదు.

ఒక్కోసారి మొదటి ప్రయత్నంలో అంటుకోదు. అప్పుడు మళ్లీ మళ్లీ స్టార్ట్ నొక్కకండి. కాలని పెల్లెట్లు పాట్‌లో కుప్పపడి తెల్లటి పొగ మంట మండే పెట్టెంతా నిండుతుంది, అది ఒక్కసారిగా అంటుకుంటే తలుపు అద్దం పగలొచ్చు. చల్లారాక పాట్ ఖాళీ చేసి, అడుగు రంధ్రాలు చూసి, అప్పుడు నొక్కాలి. హాపర్ పూర్తిగా ఖాళీ అయి ఆగితే స్క్రూ గొట్టం కూడా ఖాళీగానే ఉంటుంది. పెల్లెట్లు పోశాక స్క్రూ నింపే ఆప్షన్ నడపకుండా స్టార్ట్ చేస్తే మళ్లీ ఫెయిలే.

ఇక ఆర్పడం. షోరూములో ఎవరూ చూపించనిది ఇదే. ఆఫ్ బటన్ రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆగేది స్క్రూ ఒక్కటే. పాట్‌లో ఉన్న పెల్లెట్లు కాలిపోవాలి, పొగ ఫ్యాన్ జోరుగా తిరుగుతూ ఆ పొగను లాగెయ్యాలి, గది ఫ్యాన్ ఇనుప ఒంట్లో ఉన్న వేడిని దించాలి. మొత్తం 20 నుంచి 30 నిమిషాలు. ‘ఆఫ్ చేసినా ఇంకా మోగుతోంది’ అని ప్లగ్ పీకే వాళ్లే ఎక్కువ. పీకితే రెండు ఫ్యాన్లూ ఒకేసారి ఆగిపోతాయి. లోపలి వేడి మోటార్లకూ బోర్డుకూ ఎక్కుతుంది, పొగ గదిలోకి మళ్లుతుంది. హాపర్ వైపు వేడి పెరిగితే సేఫ్టీ థర్మోస్టాట్ (వేడి మితిమీరితే హీటర్‌ను ఆపేసే స్విచ్) పడిపోతుంది. మర్నాడు స్టవ్ పనిచేయడం లేదని ఫోన్ చేసేవారికి చాలాసార్లు సమస్య అంతే. చల్లారాక, వేడెక్కిన కారణం తెలుసుకుని, వెనక నల్ల మూత విప్పి లోపలి బటన్ నొక్కితే సరిపోతుంది. రోజూ పడిపోతుంటే మాత్రం బటన్ నొక్కుతూ కూర్చోకూడదు.

మన దగ్గర అసలు చిక్కు కరెంటు. ఈ స్టవ్‌లో పొగను పైకి లాగేది చిమ్నీ కాదు, ఫ్యాన్. అది తిరుగుతున్నంతసేపు లోపల గాలి ఒత్తిడి తక్కువగా ఉంటుంది, తలుపు చుట్టూ సీలుగా ఉండే తాడు (గ్యాస్కెట్) కొంచెం అరిగినా పొగ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. కరెంటు పోయిన క్షణమే ఈ లెక్క తలకిందులవుతుంది. అందుకే గొట్టాన్ని గోడలోంచి అడ్డంగా తీసి వదిలేసే ఫిట్టింగ్ ఒప్పుకోకండి. బయట కనీసం మీటరున్నర నిలువుగా లేస్తేనే ఫ్యాన్ ఆగినా పొగ తనంతట పైకి పోతుంది. గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. ఆ విషవాయువుకు వాసన ఉండదు.

ఇన్వర్టర్ సైన్ వేవ్‌ది (మెయిన్స్ కరెంటులా నున్నటి అలలు ఇచ్చేది) కావాలి. స్క్వేర్ వేవ్ మీద ఫ్యాన్ గుయ్యిమంటుంది, వేగం తప్పుతుంది. నడిచేటప్పుడు 100 వాట్ల చుట్టూ, వెలిగేటప్పుడు ఇగ్నైటర్‌తో కలిపి 400 వాట్ల దాకా లాగుతుంది. ఆర్పడానికి అరగంట ఫ్యాన్లు తిరిగితే చాలు. ఇంట్లో ఉన్న మామూలు బ్యాటరీకి అది లెక్కలోది కాదు. సాయంత్రాల లో వోల్టేజీ కూడా ఇబ్బందే. ఫ్యాన్ నెమ్మదించి మంట నారింజ రంగులో బద్ధకంగా ఊగుతుంది, అద్దం నల్లబడుతుంది.

పెల్లెట్ల విషయంలో ఈ స్టవ్‌కు మార్కులు తగ్గించక తప్పదు. దీనికి కావలసింది 6 మిల్లీమీటర్ల శుభ్రమైన చెక్కపొట్టు పెల్లెట్, తేమ 10 శాతం లోపు, బూడిద 1 శాతం లోపు. మన మార్కెట్లో దొరికేవి ఎక్కువగా బాయిలర్ల కోసం చేసినవి, 8 మిల్లీమీటర్లో ఇంకా లావో, వేరుశెనగ తొక్కా ఊకా కలిపినవి. ఊకలో బూడిద చాలా ఎక్కువ. పంట చెత్త బూడిద కరిగి పాట్ అడుగున రాయిలా గడ్డకడుతుంది, గాలి రంధ్రాలు మూసుకుపోతాయి, మంట చచ్చిపోతుంది. తీసుకునే ముందు రెండు గింజలు గ్లాసు నీళ్లలో వెయ్యండి. మంచి పెల్లెట్ మునిగి, కాసేపటికి పొట్టుగా విచ్చుకుంటుంది. తేలితే వద్దు. బస్తా అడుగున పొడి ఎక్కువున్నా వద్దు, అది హాపర్‌లో గూడు కట్టి స్క్రూకు చేరదు.

పాట్‌ను రోజూ, స్టవ్ పూర్తిగా చల్లబడ్డాకే గీకాలి. బూడిదలో నివురుగప్పిన నిప్పు మర్నాటిదాకా ఉంటుంది, ప్లాస్టిక్ బకెట్లో పొయ్యకండి, మూత ఉన్న ఇనుప డబ్బా వాడండి. తలుపు గ్యాస్కెట్‌ను కాగితం పెట్టి మూసి చూడండి, లాగితే సులువుగా వచ్చేస్తే తాడు మార్చాలి. ఇగ్నైటర్ అరిగిపోయే భాగం. విశాఖ నుంచి తెప్పించుకునేలోపు చలి అయిపోతుంది కాబట్టి ఒకటి అదనంగా ఉంచుకోవడం మంచిది.

చలికాలం అయ్యాక హాపర్‌లో మిగిలినవి తీసెయ్యండి, స్క్రూ గొట్టం కూడా ఖాళీ అయ్యేదాకా కాల్చెయ్యండి. కోరాపుట్ వానలకు అందులో ఉండిపోయిన పెల్లెట్లు ఉబ్బి సిమెంటులా బిగిసిపోతాయి. అప్పుడు స్క్రూ విప్పక తప్పదు, మోటారు గేర్ విరిగినా విరగొచ్చు.